ఉడుకునీళ్లలో జరీ

ధర్మవరంలో కొండప్పను పెళ్లికి పిలిచేవాళ్లు రెండు రకాలు. చుట్టరికం ఉంది కాబట్టి పిలిచేవాళ్లు ఒక రకం. వియ్యపువారు పెట్టిన చీరలో జరీ అసలుదో కాదో తేల్చుకోవడానికి పిలిచేవాళ్లు రెండో రకం. మొదటి రకం పెళ్లిళ్లలో కొండప్ప అక్షింతలు వేసి, భోంచేసి, వక్కాకు నములుకుంటూ ఇంటికొచ్చేస్తాడు. రెండో రకం పెళ్లిళ్లలో ఆయన దర్జా చూడాలి. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చెయ్యి చాస్తాడు. ఎవరో ఒకామె చీర కొంగు తెచ్చి ఆ చేతిలో పెడుతుంది. బొటనవేలితో అంచును ఒక్కసారి రుద్ది, "ప్యూరు" అనో "ప్లాస్టిక్కు" అనో ఒక్క మాట చెబుతాడు. ఆ మాటకు తిరుగులేదు. ఆ ఒక్క మాట పుణ్యాన పచ్చని పందిట్లో వియ్యపురాళ్లు మాటలు మానేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అయినా ఆయన్ను పిలవడం మాత్రం ఎవరూ మానలేదు.

నిజానికి కొండప్పకు తెలియని విషయాలు లోకంలో బోలెడు. సెల్‌ఫోన్‌లో ఫోటో ఎలా తీయాలో తెలియదు. బ్యాంకులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. తన ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో అసలే తెలియదు. కానీ బుద్ధి తెలిసినప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేస్తున్న మనిషి కాబట్టి, జరీ గురించి తనకు తెలియనిది ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన ఒక్కడికే ఉంటే సరిపోయేది. వీధి వీధంతటికీ అంటించాడు.

ఆయన భార్య హనుమక్కది అగళి. కర్ణాటక సరిహద్దు ఊరు కాబట్టి తెలుగూ కన్నడమూ రెండూ పుట్టింటి నుంచే తెచ్చుకుంది. మామూలు మాటలకు తెలుగు వాడుతుంది, మొగుణ్ని తిట్టడానికి కన్నడం వాడుతుంది. కన్నడంలో తిడితే పక్కింటివాళ్లకు అర్థం కాదని ఆమె లెక్క. పక్కింటివాళ్లకు ఏనాడో కన్నడం వచ్చేసిందని ఆమెకు తెలియదు. కొండప్ప మగ్గం మీద కూర్చుంటే ఆమె పక్కనే రాట్నం ముందు కూర్చుని, నాడెలో పెట్టే కండెలకు పట్టూ జరీ చుట్టి అందిస్తుంది. ఆ ఇంట్లో నేసిన ప్రతి చీరకూ సగం పని ఆమెదే. పేరు మాత్రం కొండప్పది.

ఊరందరి పెళ్లిళ్లకూ చీరలు నేసిన కొండప్ప, హనుమక్క కోసమని నేసిన పట్టుచీర ఒక్కటే. చిలకపచ్చ చీర, మామిడిపిందెల జరీ అంచు, మూరెడు జరీ కొంగు. కూతురు సుమ పెళ్లికని నేశాడు. "మా ఇంటామెకు ప్యూర్ జరీ తప్ప ఇంగోటి కట్టియ్యను" అని నలుగురిలో ఎప్పుడో అనేశాడు. అనేటప్పుడు బాగానే ఉంది. తీరా నేయాల్సిన ఏడు, మా సీమకు అలవాటు లేని వాన పట్టుకుంది. రైతుకు పండగే. నేతగాడికి మాత్రం మగ్గం గుంతలో నీళ్లు ఊరి, చెమ్మకు పోగులు సాగి, వారాల తరబడి పని ఆగిపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. పెళ్లి ముంచుకొస్తోంది. ఇచ్చిన మాట నెత్తి మీద కూర్చుంది.

అప్పుడు కొండప్ప ఒక పని చేశాడు. ధర్మవరంలో కొంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని బస్సెక్కి హిందూపురం పోయాడు. మొహం తెలియని అంగట్లో ప్లాస్టిక్ జరీ కొన్నాడు. వచ్చేటప్పుడు పెనుకొండ దాటాక, దాని పైకాగితాలు చించి బస్సు కిటికీలోంచి వదిలేశాడు. ఇంటికొచ్చి, రీళ్లు హనుమక్క ఒడిలో పోసి, "ప్యూరు" అన్నాడు. అదే మాట, అదే గొంతు. కళ్లు మూసుకోలేదంతే, నేల చూపులు చూశాడు.

వచ్చే ఏడు అసలు జరీతో ఇంకో చీర నేసిచ్చి, అప్పుడు నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఆ వచ్చే ఏడు ఇంతవరకూ రాలేదు. సుమకు పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. హనుమక్క మాత్రం ఏ శుభకార్యానికైనా ఆ చిలకపచ్చ చీరే కట్టుకుంటుంది. ఆమె ఆ చీర కట్టిందంటే చాలు, కొండప్ప ఆమె దరిదాపుల్లో ఉండడు. వంటవాళ్ల దగ్గరికి పోయి సాంబారు రుచి చూస్తాడు, పార్కింగు దగ్గర నిలబడి వచ్చే బండ్లకు దారి చూపిస్తాడు. పెళ్లి ఫోటోల్లో హనుమక్క ఒక్కతే నిలబడి ఉంటుంది. ఎవరైనా వచ్చి "అన్నా, వదిన చీర కొంగు చూపియ్యి, ప్యూరు ఎట్లుంటాదో చూస్తాం" అంటారేమోనని ఆయన భయం. అడిగితే కళ్లు మూసుకుని ఆ అంచు పట్టుకుని ఏమని చెప్పాలి?

ఇలా రోజులు గడుస్తుండగా వెనక వీధి నాగమణి ఒక వార్త తెచ్చింది. నాగమణి కూడా నేతగాళ్ల ఇంటి మనిషే. వార్తలు మోయడంలో పేపరు కంటే ముందుంటుంది. హిందూపురంలో ట్రావెల్స్ నడిపే శివప్రసాద్ ఉత్తరాది యాత్రకు మనుషుల్ని పోగు చేస్తున్నాడట. ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. హిమాలయాల్లో ఎక్కడో బస్సు కూడా పోలేని చోట, కొండ కడుపులోంచి ఉడుకునీళ్లు వాటంతటవే పుట్టే గుండం ఉందట. అందులో మునిగితే మోకాళ్ల నొప్పులు తీసేసినట్టు పోతాయట. ఆ ఊరి పేరు నాగమణి ఒక రకంగా చెప్పింది, శివప్రసాద్ ఇంకో రకంగా చెప్పాడు. కొండప్ప నోట అది ఏ రకంగానూ తిరగలేదు.

"ఉడుకునీళ్ల కోసరం అంత దూరమా?" అన్నాడు కొండప్ప. "ఎండాకాలంలో మన మిద్దె మీది ట్యాంకు కొళాయి తిప్పితే వచ్చేవి ఏం నీళ్లు? అవి చూసి రాండి, ఫ్రీగా."

"మోకాళ్లు పట్టేసి మగ్గం గుంతలోనుంచి లేసేకి నేను చెయ్యి ఇయ్యల్ల. ట్యాంకు నీళ్లతో తగ్గిందా?" అంది హనుమక్క.

"పెనుకొండ కొండే ఎక్కనోణ్ని, హిమాలయాలు ఎక్కుతానా?"

"నువ్వు ఎక్కద్దులే. నేను మోసుకోని పోతా."

హనుమక్క అంత పట్టుగా ఉండడానికి మోకాళ్లు ఒక్కటే కారణం కాదు. ఆమెకు సరిగంగ స్నానం చేయాలని ఎప్పటి నుంచో కోరిక. భార్యాభర్తలు చీర కొంగూ పంచె కొంగూ ముడివేసుకుని, చేయీ చేయీ పట్టుకుని పుణ్యతీర్థంలో మునగాలి. వీధిలో ఆమె ఈడువాళ్లు పుష్కరాలకు పోయి చేసి వచ్చారు. ఊరి పక్కన చిత్రావతి ఉంది గానీ, అందులో మునగాలంటే ముందు ఇసుకలో చెలమ తవ్వాలి. చెలమలో ఒక్కరు మునగడమే కష్టం, ఇద్దరు ఎలా మునుగుతారు? అందుకే ఆమె ఈ యాత్రను వదలదలుచుకోలేదు. సుమ కూడా ఫోను చేసి అమ్మ తరఫున గట్టిగా మాట్లాడేసరికి, కొండప్ప నోరు మూతపడింది.

నాగమణితో పాటు వీధిలోని నేతగాళ్ల ఇళ్లవాళ్లు ఇంకొందరు బయల్దేరారు. ఢిల్లీ రైలు ధర్మవరంలో కదలగానే హనుమక్క సద్ద రొట్టెల మూట విప్పింది. మూట ఖాళీ అయ్యేసరికి ఢిల్లీ వచ్చింది. అక్కడి నుంచి బస్సులో కొండల మీదికి పోతుంటే, ఒక పక్క లోయ, ఒక పక్క బండ. కొండప్ప మంకీ టోపీ పెట్టుకుని, దాని మీద తువ్వాలు చుట్టుకుని, తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. దేవుళ్లు అయిపోయాక డ్రైవరుకు మొక్కాడు. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, వేసవిలో మగ్గం గుంతలో చెమటలు కక్కిన రోజులు ఆయనకు స్వర్గంలా గుర్తొచ్చాయి.

చివరి ఊరి దగ్గర బస్సు ఆగింది. పొద్దున్నే అందరూ నడక మొదలుపెట్టారు. హనుమక్క మెడ నుంచి పాదాల దాకా పెద్ద శాలువా కప్పుకుని ముందు నడిచింది. కొండప్ప కర్ర పట్టుకుని, అడుగుకొకసారి ఆగి, ఆగిన ప్రతిసారీ "ఇంగెంత దూరమప్పా?" అని శివప్రసాద్‌ను అడిగాడు. అతను ప్రతిసారీ "ఇదిగో వచ్చేసె మామా" అన్నాడు. ట్రావెల్స్ నడిపేవాళ్ల "ఇదిగో" ఎంత పొడుగుంటుందో కొండప్పకు ఆ రోజు తెలిసింది.

గుండం కనిపించక ముందే దాని వాసన వచ్చింది. కోడిగుడ్లు మురిగిన వాసన. "ఇదేం పుణ్యతీర్థమబ్బా!" అని ముక్కు మూసుకున్నాడు కొండప్ప. ఇంకో మలుపు తిరిగేసరికి, నల్లటి బండల మధ్య పొగలు కక్కుతూ నీళ్లు కనబడ్డాయి. పైన మంచుకొండ, కింద మరిగే నీళ్లు. ఎవరు పొయ్యి పెట్టారో, ఎవరు కట్టెలు ఎగదోస్తున్నారో తెలియదు. తెచ్చుకున్న వెటకారమంతా మరిచిపోయి కొండప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

దండం పెట్టిన చేతులు దించేలోగా హనుమక్క శాలువా తీసేసింది. లోపల చిలకపచ్చ చీర ఉంది. ఎండ పడి మామిడిపిందెల అంచు ధగధగలాడింది.

"ఇదెందుకే తెస్తివి?" అన్నాడు కొండప్ప.

"సరిగంగకు కాకుంటే ఇంగెందుకు? నీ పంచె కొంగు ఇట్ల దా."

సరిగ్గా అప్పుడే శివప్రసాద్ బండ మీదికెక్కి చప్పట్లు కొట్టాడు. "అమ్మా, అక్కా, అందరూ ఒక మాట ఇనండి. ఈ నీళ్లల్లో గంధకం ఉండాది. వెండి తగిలితే నల్లగా అయిపోతాది. కాలిపట్టీలు, వెండి మొలతాళ్లు, ఏమున్నా తీసి పక్కన పెట్టుకోండి. మళ్లీ నన్ను అంటే నేను పూచీ కాదు."

ఆడవాళ్లంతా పట్టీలు తీసి సంచుల్లో వేసుకున్నారు. మెట్టెలు మాత్రం ఎవరూ తీయలేదు. నాగమణి చూపు ముందుగా హనుమక్క కాళ్ల మీద పడింది. అక్కడ పట్టీలు లేవు. తర్వాత చూపు పైకి పోయింది.

"వదినా! నీ చీరది ప్యూర్ జరీ గదా! అందులో ఉండేది వెండే గదా! మార్చుకో తల్లీ, బొగ్గయిపోతాది!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కొండప్ప చెయ్యి తనకు తెలియకుండానే తువ్వాలు సర్దుకుంది. మొదట ఆయన మనసులో ఊరట కలిగిన మాట నిజం. ప్లాస్టిక్కుకు గంధకం ఏం చేస్తుంది? చీరకేమీ కాదు. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. చీరకేమీ కాకపోవడమే కొంప ముంచేది. మెట్టెలు నల్లబడి, జరీ తళతళలాడుతూ బయటికొస్తే, చుట్టూ ఉన్నది ఎవరు? అందరూ నేతగాళ్ల ఇళ్ల ఆడవాళ్లే. వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ధర్మవరం చేరేలోగా వార్త ధర్మవరం చేరుతుంది. అదైనా ఓర్చుకోవచ్చు. ఇన్నేళ్లు మురిసిపోయి కట్టుకున్న హనుమక్క, ఆ నీళ్లలో నిలబడి తనవైపు ఎలా చూస్తుంది?

"నాగమణి చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు," అన్నాడు కొండప్ప. తన జన్మలో నాగమణిని మెచ్చుకోవడం అదే మొదలు. "మార్చుకో పోవే. నూలు చీర కట్టుకో."

"నూలు చీరలో సరిగంగేంది? తెచ్చింది ఇదే."

"నా దగ్గర ఇంగో చీర ఉండాది వదినా, ఇస్తా," అంది నాగమణి.

"దేవతమ్మా నువ్వు!" అన్నాడు కొండప్ప.

"ఒకరి చీర కట్టుకోని నా మొగునితో మునగల్లనా?" హనుమక్క కదల్లేదు.

"అట్లయితే మనం మునగద్దు. నాకు బీపీ ఉండాది. డాక్టరు ఉడుకునీళ్లు వద్దన్న్యాడు."

"యా డాక్టరు?"

కొండప్ప డాక్టరును అక్కడే వదిలేశాడు. "చిత్రావతిలో చేద్దాములే, ఈసారి వానలు బాగా పడ్తాయంట" అన్నాడు. హనుమక్క కన్నడంలో ఒక మాట అంది. ఈ చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదనుకుంది గానీ, అందరూ నవ్వారు.

కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి కొండప్పది. ఇంకా కుడితిలో పడలేదు గానీ, అది ఎదురుగా పొగలు కక్కుతోంది. హనుమక్క ఆయన పంచె కొంగు తీసుకుని తన చీర కొంగుకు ముడి వేయడం మొదలుపెట్టింది. వేళ్లు చలికి కొంకర్లు పోతున్నా, ముడి పక్కకు పోకుండా ఒద్దికగా వేస్తోంది. చిన్నపిల్లలా ఉంది ఆ ముఖం. ఆ ముఖాన్ని ఇంతమంది ముందు చిన్నబుచ్చే కంటే, తానే ఇప్పుడు చాటుగా చెప్పేస్తే నయమనిపించింది కొండప్పకు. తిట్టనీ, కొట్టనీ. ఆమె చేయి పట్టుకుని, ఎవరికీ వినబడనంత దూరానికి, ఒక బండ వెనక్కి లాక్కుపోయాడు. ముడి సగం పడింది కాబట్టి ఇద్దరూ ఒకరి మీద ఒకరు తూలుకుంటూ పోయారు.

"హనుమక్కా, ఆ జరీ ప్యూరు గాదు."

హనుమక్క ఆయనవైపు చూసింది.

"ప్లాస్టిక్కు. ఆ యేడు గుంతలో నీళ్లు ఊరి పని ల్యా గదా. మాట పోతాదని హిందూపురంలో తెస్తి. పైకాగితాలు చింపి పారేస్తి. ఇన్నేండ్లూ నీకు అబద్ధం చెప్తి. ఇప్పుడు నువ్వు మునిగితే అది నల్లబడదు. అందరికీ తెలిసిపోతాది. అందుకే వద్దంటాండా. మాట పోతే పోనీ, నీ ముందర నేను..." మాట ముగించకుండానే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆయనకు.

హనుమక్క కన్నడంలో కూడా తిట్టలేదు. సగం వేసిన ముడిని పూర్తిగా బిగించి, ఒకసారి లాగి చూసుకుని, "దా" అంది.

"అదేందే! నేను చెప్పింది ఇన్న్యావా?"

"ఇన్న్యా. దా."

కొంగు ఆమె చేతిలో ఉంది. ఇంక చేసేదేముంది? ఉరికంబం ఎక్కేవాడిలా కొండప్ప గుండంలోకి దిగాడు. కాలు పెట్టగానే "అబ్బా! అమ్మా!" అని ఎగిరాడు. ఒడ్డున అందరూ గొల్లున నవ్వారు. మెల్లమెల్లగా నీళ్లు ఒంటికి పట్టాయి. నడుము దాకా దిగేసరికి, ఏళ్లుగా పట్టేసిన మోకాళ్లు ఎవరో నూనె పెట్టి రుద్దినట్టు వదులయ్యాయి. అంత కంగారులోనూ ఆయన నోటి నుంచి "ఆహా" అని ఒక మాట జారింది. హనుమక్క ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ మునిగారు. లేచారు. మళ్లీ మునిగారు. కొండప్ప కళ్లు తెరవలేదు. అలవాటే కదా.

ఎప్పటికో ఒడ్డున మెట్టు మీద కూర్చున్నాక, నాగమణి పెట్టిన కేకకు కళ్లు తెరిచాడు.

"అయ్యయ్యో వదినా! చెప్పితి గదా! చూడు, చూడు, ఎట్లయిపాయనో!"

చిలకపచ్చ చీర అంచున మామిడిపిందెలు ముందు ఇత్తడి రంగుకు తిరిగి, తర్వాత మసిబారి, చూస్తూ చూస్తూ ఉండగానే కాటుకలా అయ్యాయి. కొంగు మొత్తం నల్లబడింది. మెట్టెలూ అదే నలుపు. ఆడవాళ్లంతా చుట్టూ మూగి, అంచు పట్టుకుని, పెదవులు చప్పరించారు. "ఎంత మంచి చీర! అసలు వెండి గాబట్టే గదా ఇంత నల్లబడె! కొండన్న మాటంటే మాటే" అని ఒకామె అంది. నాగమణి అయితే కళ్లొత్తుకుంది. చీర ఎవరిదైనా నేతగాళ్ల ఇంటి ఆడదానికి ఏడుపొస్తుంది.

కొండప్ప అంచు చేతిలోకి తీసుకుని రుద్దాడు. మళ్లీ రుద్దాడు. కళ్లు విప్పార్చి చూశాడు. ప్లాస్టిక్కు నల్లబడటం ఆయన ఎరగడు. ఆయన తెచ్చింది ప్లాస్టిక్కే, అందులో అనుమానం లేదు. మరి ఈ వెండి ఎక్కడిది?

మిగతావాళ్లు స్నానాలకు దిగాక, హనుమక్క కొంగు పిండుకుంటూ మెల్లగా అంది. "కండెలు చుట్టేది ఎవరు మన ఇంట్లో?"

"నువ్వు."

"రీలు పోగు ఏలికి తగిలినంతనే తెలిసిపాయ. ప్లాస్టిక్కుకూ వెండికీ తేడా తెలీకుండానే ఇన్నేండ్లు చుట్టినానా? నువ్వు వక్కాకుకు పోయినప్పుడు మనం ఎప్పుడూ జరీ కొనే అంగడాయప్ప దగ్గరికి పోతి. మా యమ్మ పెట్టిన కాళ్ల కడియాలు ఆడ ఇచ్చేసి, ప్యూరు తెచ్చి, అదే చుట్టి నీకు అందిస్తి."

"కడియాలు నీ చెల్లెలికి ఇచ్చినానంటివే!"

"నువ్వొక్కడివే అబద్ధాలు చెప్పల్లనా?"

ఆ చీర నేసిన రోజులు కొండప్పకు గుర్తొచ్చాయి. తప్పు చేస్తున్నానన్న బాధతో జరీ వైపు సరిగ్గా చూడకుండానే నేశాడు. కొంగు కాస్త బరువుగా అనిపించి, పోగు మెత్తగా అనిపించి, 'ఈ కాలంలో ప్లాస్టిక్కు కూడా ఎంత బాగా చేస్తాండారబ్బా' అని మెచ్చుకోవడం కూడా గుర్తొచ్చింది. ధర్మవరం మొత్తానికి జరీ తీర్పులు చెప్పే మనిషి, తన చేత్తో తాను నేసిన చీరలో వెండిని పోల్చుకోలేకపోయాడు. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు ఉంటాడంటారు. ఇక్కడ ఆ ఇంకొకడు ఇన్నాళ్లూ రాట్నం ముందు కూర్చుని ఉంది.

"అప్పుడే చెప్పచ్చు గదే."

"నువ్వే చెప్తావని చూస్తి. ఈ పండక్కి చెప్తాడు, ఆ పెండ్లికి చెప్తాడు అనుకుంటి. చెప్పేది పోయి, నేను ఆ చీర కట్టినప్పుడంతా పారిపోతాంటివి. సుమ పెండ్లి ఫోటోలో కూడా నా పక్కన నువ్వు ల్యావు."

"నల్లబడ్తాదని తెలిసే దిగితివా?"

"తెలిసే దిగితి. నువ్వు నోరు తెరిస్తివి గదా, ఇంగ ఆ చీరతో నాకేం పని? మొగుడు పక్కన నిలబడని చీర పెట్లో ఉంటేనేమి, పోతేనేమి?"

కొండప్పకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఇంత మనిషి మంకీ టోపీ పెట్టుకుని ఏడుస్తుంటే, గుండంలో ఉన్న నాగమణి చూసి, "పోనీలే అన్నా, చీరే గదా, పాలిష్ పెట్టిస్తే కొంచెం వస్తాది" అని ఓదార్చింది. "అది కాదమ్మా, నాకు జరీ తెలీదమ్మా" అన్నాడు కొండప్ప వెక్కుతూ. చీర పోయిన దుఃఖంలో మతి పోయిందనుకుని, నాగమణి మళ్లీ నీళ్లలో మునిగింది.

కొండ దిగేటప్పుడు శివప్రసాద్ "ఫోటో, ఫోటో" అని ఫోను పైకెత్తాడు. కొండప్ప పారిపోలేదు. నల్ల అంచు చీరలో వణుకుతున్న హనుమక్క భుజానికి తన భుజం ఆనించి, పళ్లన్నీ కనబడేలా నిలబడ్డాడు. దారి సన్నంగా ఉంది, ముడి విప్పుకుని ముందూ వెనకా నడవండని అందరూ చెప్పారు. విప్పుకోకుండానే నడిచారు. ఒకరు జారితే ఇద్దరూ జారారు. కొండప్పకు మోకాళ్ల నొప్పులు లేవు, లేదా ఉన్నాయో లేదో చూసుకునే తీరిక లేదు.

కొంత దూరం పోయాక అన్నాడు. "ఇంటికి పోతానే మగ్గం ఎక్కిస్తా. ఇంగో చీర నేసిస్తా నీకు. నిజంగా ప్యూరు."

"నేస్తువులే," అంది హనుమక్క, జారకుండా ఆయన చేయి పట్టుకుంటూ. "ఈసారి జరీ బాగా చూసి తీసుకో. నా దగ్గర ఇంగ కడియాలు ల్యావు."